ఉల్లిగడ్డల వీడియో

"నిన్న నీ వీడియో సూసి నవ్వలేక సచ్చినాం మసరతూ. ఉల్లిగడ్డలు కోస్తా ఏం ఏడ్చినావు తల్లీ" అంది గురమ్మ, త్రాసులో టమాటాలు వేస్తూ.

నేనలాంటి వీడియో చేయలేదు. ప్రొద్దుటూరు మార్కెట్లో నన్ను గుర్తుపట్టని వాళ్లు తక్కువ. అత్తలా మాట్లాడతాను, కువైట్ నుంచి ఫోన్ చేసే మొగుడిలా మాట్లాడతాను, జనం నవ్వుతారు. మాటలన్నీ నావి. తీసేది, యూట్యూబులో పెట్టేది మా ఆయన షఫీ.

గురమ్మ తన ఫోనులో చూపించింది. మా వంటింట్లో కత్తిపీట ముందు సగం కోసిన ఉల్లిగడ్డలు. గోడకు ఆనుకుని నేను వెక్కివెక్కి ఏడుస్తున్నాను. నా మాటలు తీసేసి, వాటి చోట జనం పగలబడి నవ్వే శబ్దం కలిపారు.

అది తీసిన రోజు పులివెందులలో ఉన్న మా అమ్మతో ఫోనులో మాట్లాడుతున్నాను. ఐదో నెలలో కడుపు పోయి అప్పటికి వారమే. "అమ్మీ, బిడ్డ కదిలిన కాడ ఇంకా చెయ్యి పెట్టుకుంటాండా" అని చెప్పుకున్నాను. షఫీ గడపలో నిలబడి ఉన్నాడని నాకు తెలియదు.

ఇంటికొచ్చి అడిగాను.

"మాటలు తీసేసినా గదా, ఎవురికీ తెలీదులే" అన్నాడు, అన్నం కలుపుకుంటూనే. "బాధలోంచే నవ్వు పుడ్తాదని నువ్వే గదా అంటాంటావు."

"నవ్వులాటకే పెట్నాడు, పరువేం పోలేదు గదా" అంది మా అత్త ఖమర్‌బీ, కొడుక్కి ఇంకొంచెం వడ్డించమని నాకు సైగ చేస్తూ. వడ్డించాను.

బాధలోంచే నవ్వు పుడుతుందన్న మాట నాదే. కానీ నా బాధలోంచి నవ్వు తీయాలా వద్దా అన్నది నా చేతిలో ఉందనుకున్నాను. జనం నా తెలివికి నవ్వుతున్నారనీ అనుకున్నాను. తిట్లు తినే కోడల్ని ఆడి చూపిస్తే వాళ్లకు ఆ తిట్లు తప్పని తెలుస్తుందనుకున్నాను. వాళ్లు అలవాటు కొద్దీ నవ్వారంతే. ఎందుకు ఏడుస్తోందని ఒక్కరైనా అడిగి ఉంటారేమోనని కామెంట్లన్నీ చదివాను. ఒక్కరూ లేరు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచే వంట నాది. నేను కూలబడటం చూసిన మనిషి కత్తిపీట అందుకోలేదు, ఫోను అందుకున్నాడు.

జమ్మలమడుగులో ఆడపిల్లల కాలేజీ వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. షఫీ ముందు వరుసలో ఫోను పట్టుకుని కూర్చున్నాడు. "ఉల్లిగడ్డల అక్కా" అంటూ పిల్లలు అప్పటికే నవ్వుతున్నారు.

"ఆ పొద్దు నేను ఉల్లిగడ్డలకు ఏడ్సలేదు" అన్నాను. మళ్లీ నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. "కడుపులో బిడ్డ పోయింది. మా అమ్మకు చెప్పుకుంటాంటే నా మొగుడు నాకు తెలీకుండా తీసినాడు. ఆ నవ్వులు ఆయన కలిపినవే."

ఆపమని షఫీ చెయ్యి ఊపుతున్నాడు. అతని వెనక కూర్చున్న ఒకమ్మాయి లేచి నిలబడింది.

"బిడ్డకు పేరేమన్నా అనుకున్యారా అక్కా?"

ఇంట్లో ఎవరూ నన్ను అడగని మాట.

"మహీన్" అన్నాను. ఆ పేరు నేను పైకి అనడం అదే మొదటిసారి.