రంగు కలిసిన నూనె

ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఎనిమిదేళ్ల పాపను ఆస్పత్రి అత్యవసర విభాగానికి తెచ్చారు. పిలిస్తే పలకడం లేదు. గుండె నిమిషానికి నూట యాభై సార్లు కొట్టుకుంటోంది.

పాపకు మూర్ఛ. నాలుగు నెలలుగా గంజాయి మొక్క నుంచి తీసిన మందు వాడుతున్నారు. మత్తు పదార్థం తీసేసి, డాక్టరు చీటీ మీద ఇచ్చే నూనె అది. వారానికి ఇరవై సార్లు వచ్చే ఫిట్స్ మూడుకు తగ్గాయి.

తల్లి తెచ్చిన మందు సీసాను డాక్టరు ఎత్తి చూసింది. "నిన్నటికి అయిపోవాలి. సగం ఎలా ఉంది?"

తల్లి మరిది వైపు తిరిగింది. అతను ఇళ్లకు రంగులు వేస్తాడు.

"మందుల షాపులో కొత్త సీసా ఎల్లుండి గానీ రాదన్నారు వదినా. బజార్లో అదే మొక్క నూనె దొరికింది. దీని రంగుతో కలిసింది. రాత్రి ఈ సీసాలో పోశాను."

"రంగు కలిస్తే పోసేస్తావా?"

"పనిలో డబ్బా చాలకపోతే అంతేగా. షేడు చూసి ఇంకోటి కలుపుతాం. గోడకి తేడా తెలీదు."

"నా కూతురు గోడా?" వరండాలో జనం తలలు తిప్పారు. "పొద్దున్న ఆరున్నరకి నా చేత్తో పట్టించానురా! అయిపోయిందని చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"చెప్పాను. కుట్టు మిషన్ మీద ఉన్నావు. ఎలాగోలా చూడు, నా బుర్ర తినకు అన్నావు."



"చూడమన్నాను. పొయ్యమన్నానా?"

తల్లి డాక్టరు చేతిలోంచి సీసా లాక్కుని చెత్తబుట్ట వైపు నడిచింది. "గంజాయి గంజాయే. ఈ దరిద్రం మళ్లీ నా గడప తొక్కదు."

డాక్టరు ఆమె మణికట్టు పట్టుకుంది. "అది పరీక్షకి పంపాలి. ఇలా ఇవ్వండమ్మా. మా మందు ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ తిరగబడతాయి. కోపం మందు మీద కాదు." మరిది వైపు చూసింది. "వార్డులో ఎప్పుడూ రెండు సీసాలుంటాయి. ఇక్కడికి రావడానికి మీకేం రోగం?"



పన్నెండూ పదికి మూత్ర పరీక్ష ఫలితం వచ్చింది. మత్తు పదార్థం ఉంది.

సాయంత్రం నాలుగున్నరకు పాప కళ్లు తెరిచి, చెప్పులెక్కడని అడిగింది.

మర్నాడు ఎనిమిదింటికి నర్సు వార్డు సీసా తెచ్చింది. తల్లి లేబుల్ రెండుసార్లు చదివి, డ్రాపర్ తనే పట్టుకుంది. మరిదిని లోపలికి రానివ్వలేదు.