నాలుగో గదికి సబ్బు

కొట్లో టాయిలెట్ పేపరు విడిగా లేదు, పది చుట్టల కట్టే ఉంది. దోబ్రిలా గొంతుక్కూర్చుని అడుగు అరలో చెయ్యి పెట్టి వెదికింది. చామంతి వాసనది ఉంది, పీచ్ పండు వాసనది ఉంది, మూడు పొరలది, నాలుగు పొరలది, ఒకదాని మీద కుక్కపిల్ల బొమ్మ. ఏ వాసనా లేని మామూలు తెల్ల కాగితం మాత్రం లేదు. తుడుచుకునే కాగితానికి చామంతి వాసన ఎవడడిగాడో ఆమెకు ఈ జన్మకు అర్థం కాదు. ఆసుపత్రిలో ఉన్న మొగుడు రాదిసావ్‌కు వాసనలు పడవు. తుమ్ము వస్తే చాలు, పిత్తాశయంలో రాళ్లు కదిలి మంచం మీద మెలికలు తిరుగుతాడు. చివరికి విసుగొచ్చి చామంతిదే చంకన పెట్టుకుంది.

ఇరవై ఆరేళ్లుగా ఆమె మేజోళ్ల ఫ్యాక్టరీలో పని చేస్తోంది. కుట్టిన మేజోడును తిరగేసి, బొటనవేలి దగ్గర కుట్టు సరిగ్గా ఉందో లేదో వేలితో తడిమి చూసి, మళ్లీ తిరగేసి పక్కన వెయ్యాలి. చూపుడువేలి కొన మీద చర్మం గరుకుగా చిట్లి ఉంటుంది. పొద్దున ఆరింటి నుంచి నిలబడే ఉండటంతో సాయంత్రానికి బూట్లు బిగుసుకుపోతాయి. రెండింటికి పని దిగి, కొట్టుకు వెళ్లి, మూడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి.

ఆసుపత్రిలో మంచం ఇస్తారు, మందు ఇస్తారు. సబ్బు, కాగితం, చెంచా, గ్లాసు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. అది ఆమెకు కొత్త కాదు, వాళ్లమ్మకూ అలాగే మోసింది. ఒళ్లు మండేది ఎందుకంటే, తొమ్మిది రోజుల్లో ఇది నాలుగో కట్ట. ఒక్క మనిషికి.

బస్సులో పై అంతస్తు ఆవిడ కనిపించింది.

"ఏంటి దోబ్రిలా, ఇంటిల్లిపాదికీ విరేచనాలా?"

"ఆసుపత్రికి."

"పది చుట్టలా! మీ ఆయన అందులో చుట్టుకుని పడుకుంటాడా ఏంటి?"

బస్సులో సగం మంది నవ్వారు. ఇంకో రోజైతే దోబ్రిలా కూడా నవ్వేదే. ఇప్పుడు కట్టను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రాదిసావ్ ఇళ్ల చూరులకు వాననీటి రేకు గొట్టాలు బిగిస్తాడు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఒక్క సబ్బు కొన్న పాపాన పోలేదు. సబ్బు స్నానాలగదిలో దానంతటదే మొలుస్తుందని ఆయన నమ్మకం. రేకుల మడ్డి అంటిన చేతులు ఆమె షాంపూతో కడుక్కునేవాడు. సీసా అయిపోతే నీళ్లు పోసి, గిలక్కొట్టి, ఏమీ ఎరగనట్టు మళ్లీ అరలో పెట్టేవాడు. ఆ రెండడుగుల గదిలో వాళ్లు పోట్లాడినన్ని సార్లు ఇంకెక్కడా పోట్లాడలేదు.

నాలుగో గదిలో నాలుగు మంచాలు. రాదిసావ్ వీపు దిండుకు ఆనించి కూర్చుని ఉన్నాడు. తొమ్మిది రోజుల గడ్డం ముళ్లకంపలా పెరిగింది. ఆమె కట్టను మంచం మీద పడేసి పక్కనున్న చిన్న బీరువా తెరిచింది. ఖాళీ.

"సబ్బేదీ?"

"ఉంది."

"ఎక్కడుంది?"

"జివోయిన్ దగ్గర."

మూలమంచం మీద ముసలాయన చెయ్యెత్తాడు. కొండ మీది పల్లెలో మేకలు కాసుకునే మనిషి. వచ్చి చూసేవాళ్లు ఎవరూ లేరు.

"మొహం కడుక్కుని ఇచ్చేస్తా వదినా. నీ మొగుడు బంగారం!"

"బంగారమే. కొనేది నేను," అంది దోబ్రిలా. "రేజరేదీ?"

రాదిసావ్ పైకప్పు కేసి చూశాడు. "ఆరో గదికి వెళ్లింది. ఎవరో కుర్రాడికి పెళ్లివారొస్తున్నారట."

"ఆసుపత్రికా?"

"వాడి ఖర్మ, మనకెందుకు?"

ఆమె ఆరో గదికి వెళ్లింది. రేజరు అక్కణ్ణుంచి కట్లు కట్టే గదికి పోయిందన్నారు. అక్కడా లేదు. తిరిగొచ్చేసరికి రోగుల్ని చూసే వేళ పది నిమిషాలే మిగిలింది.

"రేపు ఏడింటికి నిన్ను లోపలికి తీసుకెళ్తారు," అంది రొప్పుతూ. "ఆ మొహం చూసుకున్నావా? నీకు వెనకా ముందూ ఎవరూ లేరనుకుంటారు."

"కోసేది పొట్టనే, మొహాన్ని కాదుగా."

గదంతా నవ్వింది. దోబ్రిలాకు నవ్వు రాలేదు. వాళ్లమ్మ చివరి రోజుల్లో తల దువ్వకుండా పడి ఉంటే, డాక్టర్లు మంచానికి ఇటొకడు అటొకడు నిలబడి, మధ్యలో మనిషే లేనట్టు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకున్నారు. అది ఆమె మరిచిపోలేదు. ఈయన నున్నగా, శుభ్రంగా, ఇంట్లో ఒక మనిషి ఎదురుచూస్తున్నట్టు కనిపిస్తే కాస్త చూసి కోస్తారని ఆమె ఆశ. ఇంతసేపూ ఆ ఒక్క పని కోసమే పరిగెత్తింది. గంట మోగింది.

"ఇక నీకు సబ్బు తెస్తే నా పేరు దోబ్రిలా కాదు! ఉండు ఇలాగే, అడివి మనిషిలా!"

"అరవకే. ముందు బస్సందుకో, తర్వాతది రద్దీగా ఉంటుంది."

ఆమె తిరిగి చూడకుండా మెట్లు దిగింది. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, అదీ ఎక్కలేదు. తనను తాను తిట్టుకుంటూ రోడ్డు దాటి, ఎదురు కొట్లో ఒక సబ్బు, మూడు రేజర్ల పొట్లం తీసుకుంది. వాసనలు చూడలేదు. డబ్బు కట్టేచోట ముందున్న ఆవిడ ఏదో కూపన్ కోసం సంచీ అంతా బోర్లించింది. దోబ్రిలాకు ఆవిణ్ణి కూడా తిట్టాలనిపించింది.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారు అడ్డం నిలబడ్డాడు. "టైమైపోయిందమ్మా."

"నీ టైము నీ దగ్గరే ఉంచుకో. గడ్డం గీసి పది నిమిషాల్లో వచ్చేస్తా."

ఆమె మొహం చూసి పక్కకు జరిగాడు.

నాలుగో గది ముందు నర్సు ఆమె మోచెయ్యి పట్టుకుంది. గుండె ఆగిందంది. పావుగంట అయిందంది. మంచినీళ్లు అడిగాడట, తెచ్చేలోపే అయిపోయిందట.

"ఆపరేషన్ రేపు కదా," అంది దోబ్రిలా.

ఆయన మొహం నున్నగా ఉంది. చెంపలు, మెడ, చెవుల కింద, అంతా శుభ్రం. గడ్డం దగ్గర చిన్న గాటు మీద గోరంత కాగితం అతికించి ఉంది. జివోయిన్ మంచం అంచున చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు అటు వెళ్లావో లేదో నన్ను లేపాడు వదినా. 'ఈసారి నిజంగానే కోపమొచ్చింది దానికి, నీ కత్తితోనే గీసెయ్యి' అన్నాడు. మేకల బొచ్చు కత్తిరించే చెయ్యి కదా, కాస్త తెగింది. అద్దంలో చూసుకుని, 'రేపు చూసి ఏమంటుందో' అని నవ్వాడు."

దోబ్రిలాకు కోపం ఇంకా గొంతులోనే ఉంది, అరవడానికి మనిషి లేడు. చిట్లిన వేలితో ఆయన చెంప తడిమింది, మేజోడు కుట్టు చూసినట్టు, ఒక చివర నుంచి ఇంకో చివరకు. ఎక్కడా గరుకు తగల్లేదు. అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

కాసేపటికి లేచి, చేతిలోని సబ్బూ రేజర్లూ జివోయిన్ బీరువాలో పెట్టింది.

"నీ దగ్గరే ఉంచుకో. ఎవరికీ ఇవ్వకు," అంది.

కిటికీ గట్టు మీద, ముసలాయన అంచు పెచ్చులూడిన రేకు గ్లాసులో గడ్డం గీసుకునే బ్రష్ నిలబెట్టి ఉంది. దాని మీది నురగ ఇంకా ఆరలేదు.