గోలీ పట్టేదాకా

ముందు ఎడమ చెయ్యి తొడగాలి. ఆ వెంటనే చొక్కా వీపు మీద వాలకుండా దూరంగా ఎత్తిపట్టుకొని, ఊపిరి బిగబట్టి, రెండో చెయ్యి దూర్చాలి. ఆశీర్వాదానికి రోజూ పొద్దున ఇదొక గండం. ఎడమ రొమ్ము కింద మొదలై, చంక పక్కగా వెన్నుపూస దాకా అరచెయ్యి వెడల్పున ఒక పట్టీ మేర బట్ట తగిలినా, గాలి తగిలినా భగ్గుమంటుంది. గట్టిగా అదిమితే ఓర్చుకోవచ్చు, మెల్లగా తగిలితేనే ప్రాణం పోతుంది. ఈ మాట చెబితే ఎవడు నమ్ముతాడు? పైకి చూస్తే నాలుగు గోధుమరంగు మచ్చలు తప్ప ఏమీ లేవు. గద్వాల మార్కెట్ యార్డులో పల్లికాయ బస్తాను ఒక్క ఊపున లారీకెక్కించిన హమాలీ, చొక్కా తొడుక్కోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడంటే ఊరు నవ్వదూ?

ఈరమ్మ నవ్వలేదు. అతని అనుమానం అక్కడే మొదలైంది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో అతనికి జ్వరమొచ్చినా నాలుగు మాటలు అనకుండా గంజి పోయని మనిషి. అలాంటిది రెండు నెలలుగా నోరెత్తకుండా గోలీ, నీళ్ళ చెంబు తెచ్చి ఎదురుగా నిలబడుతోంది. మింగేదాకా కదలదు. ఇంత మంచితనం ఊరికే వస్తుందా?

"ఇగో, ఏసుకో," అంది ఆ పొద్దున కూడా.

అతను గోలీని నాలుక కిందికి తోసి, నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపించాడు. రోజూ చేసే పనే. వీధి చివర మురికికాలువ దగ్గర ఉమ్మేస్తాడు.

అసలు కథ అక్కితో వచ్చింది. వానాకాలం చివర ఎడమ పక్కన బొబ్బలు లేచాయి. అక్కి పాములాగా ఒంటిని చుట్టుకుంటూ పోతుందని, రెండు మొనలు కలిస్తే మనిషి దక్కడని అందరూ అనేదే. గద్వాల కుమ్మరివాడలో మల్లమ్మ అక్కి చావడానికి ఎర్రమట్టి జాజుతో బొబ్బల చుట్టూ సింహం బొమ్మ రాస్తుంది. గురువారం ఒకసారి, ఆదివారం ఒకసారి, మళ్ళీ గురువారం ఒకసారి. ఆశీర్వాదం రెండుసార్లు రాయించుకున్నాడు. రెండోది రాయించుకున్న ఆదివారమే తెల్లచొక్కా వేసుకొని ప్రార్థనకు పోయాడు. ఆ సాయంత్రం పాస్టర్ దేవరాజు ఇంటికొచ్చి, యేసును నమ్మినవాడు బొమ్మలు రాయించుకోవడమేమిటని మందలించి, ఇక పోనని మాట తీసుకున్నాడు. మూడోది అలా ఆగిపోయింది. పాస్టరుకు చెప్పింది ఈరమ్మేనని ఆశీర్వాదం నమ్మకం. వీపున చొక్కాకు అంత మేర ఎర్రగా జాజు అంటుకుందనీ, వెనక బెంచీల వాళ్ళంతా చూశారనీ అతనికి తెలియదు. మనిషికి తన వీపు కనపడదు కదా.

బొబ్బలు ఎండిపోయాయి, మంట పోలేదు. మూడో బొమ్మ పడలేదు కాబట్టి అక్కి చావలేదనీ, లోపలికి దిగి పాకుతోందనీ అతను తేల్చుకున్నాడు. ఈరమ్మ, కూతురు సరిత కలిసి దవాఖానకు లాక్కుపోయారు. అక్కడ యమున అనే చిన్నవయసు డాక్టరమ్మ ఓపికగానే చెప్పింది. అక్కి పోయిందట, పోతూ పోతూ నరాన్ని కాల్చిందట. తొడుగు కాలిన కరెంటు వైరులాగా ఆ నరం ఊరికే మంట పుట్టిస్తుందట. మామూలు నొప్పి గోలీలు దీనికి పనిచేయవు, నరాన్ని చల్లబరిచేవి వేరే ఉన్నాయి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి, వారాలు పడుతుంది, మధ్యలో మానొద్దు అంది. మొత్తం పోతుందని చెప్పలేను, సగం తగ్గినా నిద్ర పడుతుంది, పనికి పోతావు అంది. దానికీ లొంగకపోతే తిమ్మిరెక్కించే పట్టీలున్నాయి, మిరపకారంతో చేసిన పూతమందు ఉంది, చివరికి పెద్ద దవాఖానలో నరం పక్కన సూది ఉంది అంది. మంట మీద మిరపకారం పూస్తామన్నప్పుడే ఆశీర్వాదానికి ఆమె మీద నమ్మకం పోయింది. పైగా నిద్ర పడుతుందా, ఏడుపొస్తుందా అని మనసు సంగతులు అడిగింది. ఈ గోలీలే మూర్ఛకూ ఇస్తారని ఆమె నోటితోనే చెప్పింది.

యార్డులో హమాలీల మేస్త్రీ నాగన్న ఆ గోలీల అట్ట చూసి, తనలో తాను మాట్లాడుకునే తన మేనత్తకు ఇవే ఇస్తారన్నాడు. అంతే, ఆశీర్వాదానికి అంతా తేటతెల్లమైపోయింది. తనకు పిచ్చి అని ముద్ర వేస్తారు. ముద్ర పడితే నాగన్న గుంపులోంచి తీసేస్తాడు. హమాలీ చోటు ఇంటివాళ్ళకే పోతుంది గనుక ఖాళీగా తిరుగుతున్న అల్లుడు యేసుబాబు వచ్చి అందులో చేరతాడు. తల్లీకూతుళ్ళు గడపలో నిలబడి గుసగుసలాడటం, తను రాగానే మాట మింగేయడం మరెందుకు? ఆ చోటు పోతే అతనికి ఇంకేముంది? పద్దెనిమిదో ఏట నుంచి మోసిన బరువంతా అదే.

ఆ పొద్దున ఈరమ్మ కూడా వెంట బయలుదేరింది. అంగడి పనుందట. గోలీ నాలుక కింద చేదుగా కరుగుతోంది. మురికికాలువ దగ్గర ఉమ్మడానికి వీల్లేక, దగ్గు వచ్చినట్టు నోటికి తుండు అడ్డం పెట్టుకొని, గోలీని తీసి జేబులో వేసుకున్నాడు. గద్వాల పోయే ధరూర్ ఆటోలు ఆగే చోటికి చేరకముందే ఆమె కల్వర్టు గోడ మీద కూర్చుండిపోయింది.

"నువ్వు నడు. నేను జర కూసుంట. చెప్పు కరుస్తుంది."

ఆశీర్వాదం ఆమె కాళ్ళ వైపు చూశాడు. అరిగి అరిగి అట్టలా అయిపోయిన పాత చెప్పులు. అవి ఇవాళ కరవడమేమిటి? ఉమ్ముతానో లేదో కనిపెట్టడానికి కూర్చుంది, ఇంకేం కాదు అనుకున్నాడు. ఆమె ముఖం మీద చెమట కనిపించింది గానీ, దొంగపని చేసేవాళ్ళకు చెమట పట్టదా? ఆటో ఎక్కి వెనక్కి తిరిగి చూడలేదు.

యార్డులో బస్తాలు ఎత్తడం మానేసి చాలా రోజులైంది. నాగన్న దయతలచి సంచి మూతి పట్టే పని ఇచ్చాడు. ఇద్దరు గంపలతో పల్లికాయ పోస్తుంటే, మూతి విప్పి పట్టుకొని నిలబడటమే. అందులోనూ దుమ్ము లేచి చొక్కాలో పడ్డప్పుడల్లా పళ్ళు బిగించాలి. ఒకసారి సంచి చెయ్యి జారి కాయలన్నీ నేలపాలయ్యాయి. నాగన్న తిట్టలేదు. రేపటి నుంచి నీడపట్టున కూర్చో అన్నాడు. ఆ మెత్తని మాట ఆశీర్వాదం గుండెల్లో దిగింది. వీడికీ చేరవేశారన్నమాట అనుకున్నాడు. ఇక ఆగడం తనవల్ల కాదు. పాస్టరు ఏమన్నా సరే, మూడోది రాయించుకొని తీరాలి. కాంటాలు ఆగిన మధ్యాహ్నపు వేళ కుమ్మరివాడకు నడిచాడు.

మల్లమ్మకు చూపు సగమే ఆనుతుంది. చొక్కా ఎత్తించి, మచ్చల మీద వేలి వెనకవైపు ఆనీ ఆనకుండా పెట్టింది. అతను కెవ్వుమన్నాడు.

"అక్కి అయ్యాల్నే సచ్చింది కొడుకా," అంది. "గిది అది కాల్చిపోయిన తావు. నా జాజుకు లొంగదు."

మూడోది రాయలేదు కదా అని అతను వాదించాడు. బొబ్బ ఎండకపోతేనే మూడోది రాస్తాననీ, అతనికి రెండోదానికే ఎండిందనీ, మూడోదాని రోజు పాస్టరుకు భయపడకుండా వచ్చి ఉంటే చెప్పి పంపేదాన్ననీ ఆమె విసుక్కుంది. తర్వాత అతని ముఖం వైపు తేరిపార చూసింది.

"మొన్న గురువారం నీ పెండ్లామొచ్చి గిదే అడిగింది. కాళ్ళు మొక్కింది, మూడోది రాయి అవ్వా, ఆయన ఏగలేకపోతుండు అని. దవాఖాన గోలీలే మానకుండ ఏయిమని చెప్పిన. పోతపోత గడప మీద కూలబడె. రొమ్ము పట్టుకునె, ఒళ్ళంత చెమట. నీళ్ళు తాపిచ్చి పంపిన. ఆమెకు సూపిచ్చినవా?"

పాస్టరుకు చెప్పిన మనిషి ఇక్కడికి వచ్చి కాళ్ళెందుకు మొక్కుతుంది? కల్వర్టు మీద చూసిన చెమట కళ్ళ ముందుకొచ్చింది. పొద్దున లెక్కలోకి రాని ఆ ముఖం ఇప్పుడు ముఖంగా కనిపించింది, పాలిపోయి, పెదవులు నల్లబడి. అతనికి సిగ్గేసింది, సిగ్గు కంటే ఎక్కువ భయమేసింది.

ఆటోలో జేబు తడిమి, తుండు నూలు అంటుకున్న సగం గోలీని తీసి నీళ్ళు లేకుండానే మింగాడు. ఇంటికి పోగానే అంతా చెప్పేస్తాడు. రోజూ ఉమ్మేశానని చెబుతాడు. ఆమె తిడుతుంది, ఏడు తరాలూ ఎత్తి తిడుతుంది. ఆ తిట్లు వినాలని అతనికి ప్రాణం కొట్టుకులాడింది. రేపు ఇద్దరూ కలిసి దవాఖానకు పోవాలి అనుకున్నాడు.

ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. వాకిట్లో మగవాళ్ళు పక్కకు తప్పుకొని దారిచ్చారు. యేసుబాబు వచ్చి చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయాడు. లోపల ఈరమ్మ చాప మీద ఉంది. కల్వర్టు దగ్గర నుంచి ఎట్లాగో ఇంటికి తిరిగొచ్చి, గిన్నెలు కడిగి, నడుము వాలుస్తానని పడుకుందట. అన్నానికి లేపబోతే లేవలేదట. సరిత తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

"రెండు నెలల సంది గుండెల మంటని అంటుండె నాయనా. పెద్ద దవాఖాన్ల సూపియ్యాలె అన్నరు డాక్టర్లు. ఎంత చెప్పినా ఇననే లేదు. మీ నాయనకు గోలీ పట్టేదాక ఆగు, ఇద్దరం మంచం పడితే ఎట్ల అన్నది. నీకు చెప్తే పరేషాన్ అయితవని నన్ను చెప్పనియ్యలే. ఇంగ పడ్తది, ఇంగ పడ్తది అనుకుంటనే ఉండె."

ఆశీర్వాదం చాప పక్కన కూర్చున్నాడు. ఎవరో ముసలామె ఏడుస్తూ వచ్చి అతని ఎడమ వీపు మెల్లగా నిమిరింది. ఒళ్ళంతా నిప్పంటుకున్నట్టయింది. అతను ఆ చెయ్యి తీయమనలేదు. ఉమ్మేసిన గోలీల సంగతి నోటి దాకా వచ్చింది. చెప్పవలసిన మనిషి చాప మీద ఉంది, మిగిలినవాళ్ళకు చెప్పి ఏం లాభం?

పాస్టర్ దేవరాజు వస్తున్నాడని ఎవరో అన్నారు. నలుగురు కూర్చోవడానికి చోటు కోసం ఆడవాళ్ళు మంచాన్ని ఎత్తి గోడకు నిలబెట్టారు. దాని మీది దుప్పటి జారింది, దాంతో పాటే మెత్తని బట్ట ఒకటి వచ్చి అతని ఒడిలో పడింది. ఈరమ్మ పాత నూలుచీరను కత్తిరించి కుడుతున్న మగవాళ్ళ బనియను అది. ఒంటికి ఒరుసుకోకుండా కుట్లన్నీ బయటివైపుకే వేసింది, ఎడమ పక్కన అసలు కుట్టే రాకుండా బట్టను మడత మీదే వదిలింది, కుడి చంక దగ్గర సగం కుట్టి ఆపిన చోట సూది దారంతో అలాగే ఉంది.