మూడో కొవ్వొత్తి

"భోజనం లేటవకూడదు రూబీ. అయ్యగారు మళ్ళీ సాయంత్రం మొగల్తూరు ఆరాధనకి వెళ్ళాలి" అన్నారు మా ఆయన జాషువా, అద్దంలో క్రాపు దువ్వుకుంటూ. నేను పెరట్లో రొయ్యలు ఒలుస్తున్నాను.

క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన ఆదివారాల్లో మా లూథరన్ చర్చిలో వారానికో కొవ్వొత్తి వెలిగిస్తారు. వారానికో కుటుంబం వంతు. వంతు వచ్చిన ఇంట్లోనే ఆ మధ్యాహ్నం పాస్టరు అయ్యగారికి భోజనం. అందుకని ఏ ఇంటి కొవ్వొత్తి వెలుగుతుంటే ఆ ఇంటి ఇల్లాలు పొయ్యి దగ్గర ఉంటుంది. మూడో వారం మాది. సరుగుడు కొమ్మలు చుట్టలా వంచి కట్టేది నేను, వాటి మధ్య కొవ్వొత్తులు నిలబెట్టేది నేను. వెలిగించేది ఆయన. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ మా కొవ్వొత్తి వెలగడం నేనొక్కసారీ చూడలేదు. మొదటి ఏడు అడిగితే అత్తయ్య నవ్వారు. "మార్తలాంటి కోడలు దొరికిందని ఊరంతా చెప్పుకుంటున్నానమ్మా, నా పరువు తియ్యకు." మార్తంటే ప్రభువు ఇంటికొస్తే వంటపనుల్లోనే మునిగిపోయిన బైబిల్లోని ఇల్లాలు.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా అమ్మ ఊడ్పులకెళ్ళి చదివించింది. ఆ చదువు ఈ ఇంట్లో కూరలో ఉప్పులాంటిది. ఉంటే చాలు, కనపడక్కర్లేదు.

సండేస్కూల్లో పిల్లలకి ఆగమనమంటే ప్రభువు కోసం ఎదురుచూడటమని చెప్పేది నేనే. పోయిన వారం చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఆ మొదటి ఆగమనంలో అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది ఎవరు? కడుపులో మోసిన మరియ కాదూ? బిడ్డ పుడతాడని చెప్పడానికి దేవదూత, యాజకుడైన జెకర్యా దగ్గరికీ వెళ్ళాడు, ఆయన నమ్మలేక మూగవాడయ్యాడు. మరియ మాత్రం సరేనంది. తండ్రినడిగి చెబుతానన్లేదు, యోసేపునడిగి చెబుతానన్లేదు. మరి మోసే చేతులకి రొయ్యల వాసనా, వెలిగించే చేతులకి సెంటు వాసనా ఏంటి?

మొదటి గంట కొట్టారు. ఆయనా అత్తయ్యా బయల్దేరారు. నేను రొయ్యల గిన్నె మీద మూత పెట్టి, పొయ్యి కట్టేసి, అగ్గిపెట్టె కొంగున ముడేసుకున్నాను. నిమ్మచెక్కతో ఎంత రుద్దినా చేతుల వాసన పోలేదు. పోకపోతే పోనీ.

"జాషువాగారి కుటుంబం" అని పిలిచారు అయ్యగారు. ఆయన చొక్కా సర్దుకుని లేచేలోపే ఆడవాళ్ళ చాప మీంచి నేను లేచాను. ఆయన నడవలోనే ఆగిపోయారు. పుల్ల గీశాను. వత్తి ఒకసారి తడబడి అంటుకుంది. ఇంత చిన్న వెలుగునా ఇన్నేళ్ళూ నాకు చూపించనిది!

తిరిగొచ్చి కూర్చోగానే అత్తయ్య నా చెవిలో గుసగుసలాడారు. "వంటయిందా?"

"లేదండి."

"ఓసి నీ తెలివి తెల్లారా! అయ్యగారు ఆకలితో కూచోవాలా?"

"ఆగమనం కదండీ అత్తయ్యగారూ, కాసేపు ఎదురుచూద్దాం. రొయ్యలు ఒలిచిపెట్టాను. ఇన్నేళ్ళు కొవ్వొత్తి వెలిగించారు, మీ అబ్బాయిగారికి పొయ్యి వెలిగించడం రాదంటారా?"