కుట్టు విప్పిన నవల

లైబ్రరీ వెనక గదిలో అక్క పాత పుస్తకాలు బైండు చేస్తుంది. కుట్టు విప్పగానే లోపలి మనుషులు బయటికొచ్చి, మళ్లీ కుట్టేదాకా గోడవార బెంచీ మీద కూర్చుంటారు. పోయిన నెల ఓ యుద్ధం నవల వస్తే, బెంచీ చాలక నానా అవస్థా పడింది.

ఈసారి వచ్చింది ఇద్దరే, కొండమీది పాత మేడకి యజమాని, ఆయన భార్య. నూరేళ్లుగా జనం కళ్లొత్తుకుంటూ చదువుతున్న నవల. అక్క విడి కాగితాలు ముందేసుకుని రెండు రోజుల్లో చదివేసింది. వానకీ, చీకటి మెట్లకీ ఒళ్లు జలదరించింది. ఆయన భార్యని గదిలో పెట్టి తాళం వేస్తే ఒళ్లు మండింది. చివర మేడ కూలి ఆవిడ పోతే దానికి ప్రేమని పేరు పెట్టారు! అయినా ఆయన గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా పేజీ తిప్పకుండా ఉండలేకపోయింది. అందుకు తనమీద తనకే కోపం.

చెల్లికి ఆ గొడవ లేదు. రోజూ మధ్యాహ్నం వచ్చి ఆయన్నే చూస్తూ కూర్చుంటోంది. తనకొచ్చిన సంబంధమూ అలాంటిదే. మాట తక్కువ, అనుమానం ఎక్కువ. ఖాయం చేసుకోడానికి ఈ సాయంత్రమే వస్తున్నారు.

"గంటగంటకీ ఎక్కడున్నావో ఫొటో తీసి పంపమంటాడేంటే?"

"ప్రేమక్కా అది. నువ్వు మాత్రం ఈ నవల కింద పెట్టావా?"

అక్క తలొంచుకుని విడి కాగితాలు వరస పెట్టసాగింది.

మూడు రోజులుగా పెదవి కదపని భార్య అప్పుడు లేచింది.

"ఆయన్ని అంత అందంగా రాసింది రచయిత్రి తల్లీ. కాపురం చేసింది నేను."

చెల్లి తెల్లబోయింది. "మీరు ప్రేమించలేదా?"

"ఎందుకు ప్రేమించలేదూ? తాళం మాత్రం బయటినుంచే ఉండేది."

ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇప్పటికీ అందంగానే ఉన్నాడు. చెల్లి ఫోను మోగింది. ఎత్తలేదు.

అక్క సూదికి దారం ఎక్కించింది. నాలుగింటికల్లా పుస్తకం అప్పజెప్పాలి.

"మేడ కూలే ఆ చివరి పదహారు పేజీలూ వదిలెయ్యక్కా," చెల్లి బతిమాలింది.

"పేజీలు చూసుకుని మరీ తీసుకుంటారే. నా ఉద్యోగం పోతుంది."

చివరి ముడి పడేదాకా భార్య చెల్లి చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత బెంచీ ఖాళీ. ఆవిణ్ణి తన చేతులతోనే లోపల పెట్టి కుట్టేసినందుకు అక్కకి ఏడుపొచ్చింది.

చెల్లి తనే ఫోను చేసింది. "సాయంత్రం రావద్దండి. నాకీ పెళ్లి వద్దు."

"ఎక్కడున్నావ్?" అటునుంచి అరుపు గదంతా వినిపించింది.

చెల్లి చెప్పలేదు.