రెండో ఓటు

మా ఆర్థికశాస్త్ర శాఖ ఇకపై ఒక్క రంగంలోనే పరిశోధన చేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఓటింగ్ పెట్టాం. మొదటి ఓటుకు రెండు మార్కులు, రెండోదానికి ఒకటి. ఇంటిచాకిరీ విలువను లెక్కగట్టే కాంట్రాక్టు లెక్చరరుకు, తన రంగం ఓడితే ఉద్యోగమే పోతుంది.

అందరూ మొదటి ఓటు తమకే వేసుకున్నారు. రెండోది ప్రత్యర్థికి పనికిరాకుండా, ఎలాగూ గెలవదనుకుని ఆమె రంగానికి పడేశారు. భార్య పోయాక ఆ చాకిరీ విలువ తెలిసిన నేనొక్కణ్ణే నా రంగాన్ని కాదని మొదటి ఓటు ఆమెకు వేశాను. ఆమే గెలిచింది.

"మీరూ నాకే వేశారా, సార్?" అని బ్యాంకింగ్ ప్రొఫెసర్‌ను అడిగింది.

"మా తెలివి తెల్లారినట్టే ఉందమ్మా! సరే, ఎక్కడ మొదలెడదాం?"

"మీ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు?"

"ఉండు, కనుక్కుని చెబుతా," అంటూ ఆయన ఇంటికి ఫోన్ చేశాడు.