తలుపు వేసిన క్లాసు

ఊరంతా సాఫ్ట్‌వేర్ పిచ్చిలో ఉన్న రోజులవి. అమీర్‌పేటలో మా స్కూలు పై అంతస్తులో జావా కోచింగ్ నడిచేది. ఇంజినీరింగ్ పూర్తిచేసిన వాళ్లకు అక్కడి మాస్టారు ప్రతి ముక్కా తెలుగులో విడమరిచి చెప్పేవారు. కింద నా ఒకటో తరగతి పిల్లలు మాత్రం తెలుగులో మంచినీళ్లు అడిగినా నేరమే! ప్రిన్సిపాల్ చక్రపాణి గారి రూలు అది. వరండాలో ఆయన బూట్ల చప్పుడు వినబడితే పిల్లల కంటే ముందు నాకే దడ.

ఆ పిల్లల్లో రాకేశ్ అనేవాడు స్కూళ్లు తెరిచినప్పటి నుంచీ నోరు విప్పలేదు. ఆ రోజు నాకు ఆ రూలు మీద ఒళ్లు మండి తలుపు వేసేశాను.

"నిన్న ఏం చేశావో నీ మాటల్లోనే చెప్పరా."

వాడు తలుపు వంక బెదురుగా చూశాడు. "మా బాపు బండి మీద పంజాగుట్ట పోయినం టీచర్. మస్తు వాన పడ్డది. గాడ ఒక దుకాణం ముంగట నిలబడ్డం."

ఒక చెవి వరండా వైపే వేసి, ఒక్కో మాటకూ ఇంగ్లీషు అందించాను. కాసేపటికి వాడే మొత్తం ఇంగ్లీషులో చెప్పాడు. రెండోసారి గొంతు పెంచి మరీ చెబుతుంటే తలుపు తెరుచుకుంది.

చక్రపాణి గారు విని, సంతోషం పట్టలేక తెలుగులోనే అన్నారు: "చూశారా ధాత్రి గారూ, తెలుగు మాన్పించబట్టే కదా వీడికి ఇంగ్లీషు వచ్చింది!"

ఆయన వెళ్లగానే రాకేశ్ నా కొంగు పట్టుకు లాగాడు.

"టీచర్, రేపు సుత తలుపేస్తవా?"